ఇమ్మిగ్రేషన్ అప్పీల్ జడ్జి పోస్టుకు మనవాళ్లు అప్లై చేయొచ్చా? భద్రాచలం బోర్డర్‌లో 'వలస' కేసులు ఎవరు వింటారు?

అమెరికా ప్రభుత్వంలో 'అప్పిలేట్ ఇమ్మిగ్రేషన్ జడ్జి' అనే ఉద్యోగం ఒకటుంది. దేశం వదిలి వెళ్లిపోవాలని కింది కోర్టు ఆర్డర్ ఇచ్చాక, ఆ మనిషి పెట్టుకున్న అప్పీల్‌ను తేల్చేది వీళ్లే. ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో లా చదివి, భద్రాచలం కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నవాళ్లు ఈ పోస్టుకు అప్లై చేయొచ్చా? ఇక్కడి నుంచి నేరుగా కుదరదు. కానీ ఎందుకు కుదరదు, ఇంకెక్కడ కుదురుతుంది, అసలు మన దగ్గర ఇలాంటి అప్పీళ్లు వినేది ఎవరు అనేది తెలుసుకోవాల్సిన విషయమే. ఎందుకంటే బోర్డర్ దాటి వచ్చి, ఎవరికి అప్పీల్ చేసుకోవాలో తెలియని కుటుంబాలు మన చర్ల, దుమ్ముగూడెం అడవుల్లోనే ఉన్నాయి.

అమెరికా పోస్టు సంగతి

అక్కడ ఇమ్మిగ్రేషన్ కోర్టులు మన హైకోర్టు, జిల్లా కోర్టుల్లాంటివి కావు. న్యాయశాఖ కింద 'ఎగ్జిక్యూటివ్ ఆఫీస్ ఫర్ ఇమ్మిగ్రేషన్ రివ్యూ' అనే విభాగం ఉంది. 1983లో ఏర్పాటైంది. హెడ్డాఫీసు వర్జీనియా రాష్ట్రంలోని ఫాల్స్ చర్చ్‌లో. కింద ఇమ్మిగ్రేషన్ జడ్జీలు, వాళ్లపైన 'బోర్డ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్'. ఈ బోర్డు మాత్రం పాతది, 1940 నుంచీ ఉంది. బోర్డులో కూర్చునేవాళ్లే అప్పిలేట్ ఇమ్మిగ్రేషన్ జడ్జీలు. నియమించేది అటార్నీ జనరల్. అంటే పేరుకు జడ్జి అయినా, నిజానికి న్యాయశాఖ ఉద్యోగి. ప్రభుత్వం మారితే బోర్డు సైజు కూడా మారిపోతుంది. 2024లో సభ్యుల సంఖ్యను 28కి పెంచారు. 2025లో కొత్త ప్రభుత్వం దాన్ని 15కి తగ్గించింది. మన దగ్గర ఒక జిల్లా జడ్జి పోస్టును ఇలా తీసేయడం ఊహించలేం.

అర్హతల్లో మొదటిది అమెరికా పౌరసత్వం. మనవాళ్లకు కథ ఇక్కడే ఆగిపోతుంది. గ్రీన్ కార్డు ఉన్నా సరిపోదు. ఆ తర్వాత లా డిగ్రీ, ఏదో ఒక అమెరికా రాష్ట్రంలో బార్ మెంబర్‌షిప్, బార్‌లో చేరిన తర్వాత అటార్నీగా 7 ఏళ్ల అనుభవం కావాలి. అది కూడా ఆఫీసులో కూర్చుని డాక్యుమెంట్లు రాసిన అనుభవం కాదు. విచారణలు, ట్రయల్స్, అప్పీళ్లకు సంబంధించిన పని అయి ఉండాలి. నోటిఫికేషన్ 'యూఎస్ఏజాబ్స్' అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో వస్తుంది. రెజ్యూమె, రాత నమూనా లాంటివి పెట్టాలి. సెలెక్ట్ అయితే బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా ఉంటుంది.

ఇండియాలో ఎల్ఎల్‌బీ చేసినవాళ్లు అక్కడ ఎల్ఎల్ఎం చేసి న్యూయార్క్ బార్ ఎగ్జామ్ రాయడం మామూలుగా జరిగేదే. కానీ అక్కడి నుంచి గ్రీన్ కార్డు, ఆ తర్వాత సాధారణంగా ఇంకో 5 ఏళ్లకు పౌరసత్వం. ఇండియాలో పుట్టినవాళ్లకు ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డు క్యూ ఎంత పొడవో చాలా ఇళ్లలో తెలిసిందే. కాబట్టి ఈ పోస్టు ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకంటే, అక్కడే పుట్టి పెరిగి లా చదువుతున్న తెలుగు పిల్లలకే దగ్గర.

ఉద్యోగం సంగతి పక్కన పెడితే, కేసుల విషయంలో మన ఇళ్లలో ఒక గందరగోళం ఉంది. పిల్లాడికి హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టూడెంట్ వీసా రిజెక్ట్ అయిందనుకోండి. దానికి ఈ బోర్డులో అప్పీల్ ఉండదు. ఎక్కువ రిజెక్షన్లు '214బీ' సెక్షన్ కింద వస్తాయి. వాటికి అప్పీలే లేదు, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ అప్లై చేసుకోవడమే. 'అప్పీల్ వేసి తెప్పిస్తాం' అని ఎవరైనా డబ్బులు అడిగితే ఒక్క క్షణం ఆగండి. హెచ్1బీ పిటిషన్ తిరస్కరిస్తే అప్పీల్ వెళ్లేది ఇంకో ఆఫీసుకు. పౌరసత్వ, వలస సేవల సంస్థలో ఉండే అడ్మినిస్ట్రేటివ్ అప్పీల్స్ ఆఫీస్ దాన్ని చూస్తుంది. అమ్మానాన్నల కోసమో భార్య కోసమో వేసిన ఐ-130 పిటిషన్ తిరస్కరిస్తే మాత్రం ఈ బోర్డుకే వెళ్తుంది. అలాగే డిపోర్టేషన్ ఆర్డర్ పడితే అప్పీల్ ఇక్కడికే. 110 డాలర్లున్న ఆ అప్పీల్ ఫీజును 2025 జూలైలో వచ్చిన చట్టం కనీసం 900 డాలర్లు చేసింది. బోర్డులో ఎక్కువ కేసులు కాగితాల మీదే తేలిపోతాయి. మనిషి వచ్చి ఎదురుగా నిలబడి చెప్పుకునే అవకాశం దాదాపు ఉండదు. అక్కడా ఓడితే ఫెడరల్ అప్పీల్ కోర్టుకు వెళ్లొచ్చు.

ఇంగ్లండ్‌లో దారి ఉంది

చాలామందికి తెలియని పాయింట్ ఇది. ఇంగ్లండ్‌లో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్లను ట్రిబ్యునల్స్ వింటాయి. మొదట ఫస్ట్ టయర్ ట్రిబ్యునల్, దానిపైన అప్పర్ ట్రిబ్యునల్. రెండింటిలోనూ ఇమ్మిగ్రేషన్, ఆశ్రయం కేసులకు ప్రత్యేక చాంబర్ ఉంది. జడ్జీల ఎంపికను జ్యుడీషియల్ అపాయింట్‌మెంట్స్ కమిషన్ చేస్తుంది. పౌరసత్వం రూల్ ఏంటంటే బ్రిటన్, ఐర్లాండ్ లేదా ఏదైనా కామన్వెల్త్ దేశ పౌరులై ఉండాలి. ఇండియా కామన్వెల్త్ దేశమే. అంటే పాస్‌పోర్ట్ మార్చుకోకుండానే అప్లై చేయొచ్చన్నమాట.

అయితే ఇండియన్ ఎల్ఎల్‌బీ ఒక్కటే చాలదు. అక్కడ సొలిసిటర్‌గానో బారిస్టర్‌గానో క్వాలిఫై అవ్వాలి. ఆ తర్వాత ఫస్ట్ టయర్‌కు 5 ఏళ్లు, అప్పర్ ట్రిబ్యునల్‌కు 7 ఏళ్ల అనుభవం అడుగుతారు. కష్టమే, కానీ అమెరికా దారితో పోలిస్తే గేటు తెరిచే ఉంది.

మన దేశంలో?

ఇండియాలో 'ఇమ్మిగ్రేషన్ జడ్జి' అనే పోస్టు లేదు. విదేశీయుల విషయాలను కేంద్ర హోంశాఖ కింది బ్యూరో ఆఫ్ ఇమ్మిగ్రేషన్, హైదరాబాద్ లాంటి చోట్ల ఉండే ఎఫ్ఆర్ఆర్ఓ ఆఫీసులు చూస్తాయి. 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం అమల్లోకి వచ్చింది. 1946 నాటి ఫారినర్స్ యాక్ట్‌తో పాటు ఇంకో 3 పాత చట్టాలను అది రద్దు చేసింది.

దగ్గరగా పోల్చదగ్గది ఒక్క అస్సాంలో ఉంది. ఫారినర్స్ ట్రిబ్యునల్స్. 1964 ఆర్డర్ కింద మొదలయ్యాయి. ఒక మనిషి విదేశీయుడా, భారతీయుడా అని తేల్చడమే పని. అస్సాంలో ఇవి 100 ఉన్నాయి. 2019లో ఎన్ఆర్‌సీ తుది జాబితాలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేకుండా పోవడంతో అప్పట్లో మరో 221 మంది మెంబర్ల కోసం నోటిఫికేషన్ ఇచ్చారు. జడ్జీలుగా చేసినవాళ్లతో పాటు లాయర్లకూ అవకాశం ఇచ్చారు. వయసు 35 దాటి, 7 ఏళ్ల ప్రాక్టీస్ ఉంటే చాలన్నారు. ఉద్యోగం కాంట్రాక్ట్ పద్ధతిలో. ఇక్కడ 'నేను భారతీయుడినే' అని నిరూపించుకునే భారం ఎదుటి మనిషి మీదే ఉంటుంది. ఓడితే పైన అప్పీల్ ట్రిబ్యునల్ లేదు, గౌహతి హైకోర్టులో రిట్ వేసుకోవాలి.

నిజానికి ఒకప్పుడు అప్పీల్ ట్రిబ్యునల్ ఉండేది. 1983లో వచ్చిన ఐఎండీటీ చట్టంలో ఆ ఏర్పాటు ఉంది. 2005లో సుప్రీంకోర్టు సర్బానంద సోనోవాల్ కేసులో ఆ చట్టాన్నే కొట్టేసింది. దాంతో పాటే అప్పీల్ మెట్టూ పోయింది. 'ప్రభుత్వ అప్పిలేట్ ఇమ్మిగ్రేషన్ జడ్జి' అనే మాట మన దేశంలో కాస్త సరిపోయింది ఆ 22 ఏళ్లే.

భద్రాచలం బోర్డర్: వీళ్లు విదేశీయులు కాదు, అయినా...

ఇక అసలు మన దగ్గరికి వద్దాం. 2005లో ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకు, జుడుంకు మధ్య నలిగిపోయిన వేలాది ఆదివాసీలు సుక్మా, బీజాపూర్ వైపు నుంచి అడవి దారుల్లో ఇటు వచ్చేశారు. అంతకుముందు నుంచీ మిరప తోటల్లో కాయలు ఏరడానికి వచ్చి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఈసారి వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లలేదు. చర్ల, దుమ్ముగూడెం, పినపాక, కరకగూడెం, ములకలపల్లి మండలాల అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. వాళ్లు మురియా, మారియా తెగలవాళ్లు. ఇక్కడ అందరూ పిలిచేది గుత్తికోయలని. సల్వాజుడుంను, స్పెషల్ పోలీస్ ఆఫీసర్ల నియామకాన్ని సుప్రీంకోర్టు 2011 జూలై 5న రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. కానీ అప్పటికే ఇక్కడ ఒక తరం పిల్లలు పుట్టేశారు.

వీళ్లు భారత పౌరులే. దేశంలో ఎక్కడికైనా వెళ్లి ఉండే హక్కు రాజ్యాంగం 19వ ఆర్టికల్ ఇస్తుంది. అదే ఆర్టికల్‌లో ఇంకో మెలిక ఉంది. షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల కోసం ఆ హక్కుపై సహేతుకమైన పరిమితులు పెట్టొచ్చు. ఆ రక్షణ ఇక్కడి కోయలకు. వచ్చినవాళ్లూ ఆదివాసీలే. అందుకే ఈ గొడవ పేపర్ మీద తేలదు.

చిక్కుముడి ఎస్టీ సర్టిఫికెట్ దగ్గర మొదలవుతుంది. ఎస్టీ జాబితా ఒక్కో రాష్ట్రానికి ఒక్కోటి. సొంత రాష్ట్రంలో ఎస్టీ అయినంత మాత్రాన ఇంకో రాష్ట్రానికి వెళ్తే ఆ హోదా వెంట రాదు. ఈ సంగతి తేల్చింది ఒక తెలుగు కుటుంబం వేసిన కేసే. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ సర్టిఫికెట్ ఉన్న మర్రి చంద్రశేఖరరావు అనే విద్యార్థికి మహారాష్ట్రలో మెడికల్ సీటు రిజర్వేషన్ ఇవ్వలేదు. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ నిర్ణయమే సరైందని చెప్పింది. ఇప్పుడు అదే లెక్క గుత్తికోయలకూ వర్తిస్తోంది. ఇంకో విచిత్రం ఏంటంటే తెలంగాణ ఎస్టీ జాబితాలో కోయల ఉపతెగల కింద 'గుట్ట కోయ' అనే పేరుంది. వలస వచ్చినవాళ్లను పిలిచే 'గుత్తికోయ' వేరు, జాబితాలోని 'గుట్ట కోయ' వేరు అన్నది అధికారుల వాదన. పేర్లలో తేడా ఒకటి రెండు అక్షరాలు, జీవితాల్లో మాత్రం చాలా పెద్దది.

తర్వాతది భూమి. అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా రావాలంటే 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచీ ఆ భూమి సాగులో ఉండాలి. ఆ రాష్ట్రంలో ఎస్టీగా గుర్తింపు కూడా ఉండాలి. ఎస్టీ కాకపోతే 3 తరాలు, అంటే 75 ఏళ్ల నివాసం చూపించాలి. సల్వాజుడుం తర్వాత వచ్చినవాళ్లకు ఈ రెండు తలుపులూ మూసినట్టే. 2023 జూన్ 30న రాష్ట్రంలో పోడు పట్టాల పంపిణీ మొదలైనప్పుడు కూడా వీళ్లది లెక్కలోకి రాని సాగే.

దీని పర్యవసానం 2022 నవంబర్ 22న చంద్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర కనిపించింది. ఎర్రబోడు ప్లాంటేషన్‌లో పశువులు మేపొద్దన్న ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ శ్రీనివాసరావును చంపేశారు. ఆ కేసులో ఇద్దరు గుత్తికోయలకు 2023లో కొత్తగూడెం కోర్టు జీవిత ఖైదు వేసింది. ఒక ఆఫీసర్ డ్యూటీలో ప్రాణం పోగొట్టుకున్నాడు, దోషులకు శిక్ష పడింది. అక్కడిదాకా కోర్టు పని. కానీ హత్య జరిగిన కొద్ది రోజులకే బెండాలపాడు గ్రామసభ, గుత్తికోయలందరినీ ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానం చేసింది. నేరంతో సంబంధం లేని కుటుంబాలు కూడా అందులోకి వచ్చేశాయి. అలాంటి తీర్మానంపై అప్పీల్ ఎవరికి చేయాలి? దానికంటూ ప్రత్యేకంగా ఏ ట్రిబ్యునలూ లేదు. చివరికి మిగిలేది హైకోర్టే. 2017లో తాడ్వాయి మండలం జలగలంచలో గుడిసెలు కూల్చేసినప్పుడూ వ్యవహారం హైకోర్టుకే వెళ్లింది. అడవిలో ఉన్న మనిషికి హైదరాబాద్ ఎంత దూరమో వేరే చెప్పక్కర్లేదు.

మరి ఇక్కడ 'అప్పిలేట్ జడ్జి' ఎవరు?

కోర్టు బయట ఉన్న అధికారులే. ఏజెన్సీలో భూమి చేతులు మారే కేసులకు 1959 నాటి భూబదలాయింపు చట్టం వర్తిస్తుంది. 1970లో దాన్ని గట్టిగా సవరించారు, అందుకే జనం నోట 'వన్ ఆఫ్ సెవెంటీ' అని స్థిరపడింది. ఈ కేసులు మొదట స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ వింటారు. అప్పీల్ ప్రభుత్వ ఏజెంట్ దగ్గరికి వెళ్తుంది. ఏజెంట్ అంటే కలెక్టర్. భద్రాచలంలో ఐటీడీఏ ప్రాజెక్ట్ ఆఫీసర్‌కు అడిషనల్ ఏజెంట్ హోదాలో ఈ పని ఉంటుంది. ఆ పైన రాష్ట్ర ప్రభుత్వానికి రివిజన్. భద్రాచలం ఊరు దాటి ఏటపాక వెళ్తే లెక్క మారిపోతుంది. 2014లో పోలవరం కోసం 7 మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లడంతో అక్కడివాళ్లకు రాష్ట్రమే వేరు, ఐటీడీఏ చింతూరులో.

పోడు క్లెయిమ్‌లకు దారి ఇంకోటి. గ్రామసభ తీర్మానం నచ్చకపోతే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి, అక్కడా కాకపోతే మరో 60 రోజుల్లో కలెక్టర్ ఉండే జిల్లా కమిటీకి వెళ్లాలి. చట్టం ప్రకారం జిల్లా కమిటీ మాటే ఫైనల్. ఈ కమిటీల్లో స్థానిక సంస్థల ప్రతినిధులు ముగ్గురు ఉంటారు, వాళ్లలో కనీసం ఇద్దరు ఎస్టీలు అయి ఉండాలనేది రూల్. అంటే ఒక గిరిజన ఎంపీటీసీ కూడా అప్పీల్ తేల్చే కుర్చీలో కూర్చోవచ్చు. కుల సర్టిఫికెట్ విషయమైతే 1993 చట్టం కింద వేరే అప్పీల్ దారి ఉంది.

ప్రాజెక్ట్ ఆఫీసర్, స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ పోస్టులకు లా డిగ్రీ అవసరం లేదు. ఐఏఎస్ ద్వారానో, గ్రూప్-1 ద్వారానో వస్తారు. టీజీపీఎస్సీ 2024లో 563 పోస్టులతో ఇచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్ అలాంటిదే. ఏ డిగ్రీ అయినా చాలు. ఒక కుటుంబం భూమిలో ఉండాలా పోవాలా అని తేల్చే మనిషి ఎవిడెన్స్ చట్టం చదివి ఉండాలని ఎవరూ అడగరు. ఇది కొంచెం ఆలోచించాల్సిన విషయమే.

లా చదివినవాళ్లకు మిగిలిన దారులు

జూనియర్ సివిల్ జడ్జి అవ్వాలంటే ఇప్పుడు 3 ఏళ్ల ప్రాక్టీస్ తప్పనిసరి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఈ రూల్‌ను మళ్లీ తెచ్చింది. ఊరటేంటంటే ఈ 3 ఏళ్లను ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్కిస్తారు. బార్ ఎగ్జామ్ పాసైన తేదీ నుంచి కాదు. లా క్లర్క్‌గా చేసిన కాలమూ లెక్కలోకి వస్తుంది. నేరుగా జిల్లా జడ్జి పోస్టుకు 7 ఏళ్లు కావాలి. 2025 అక్టోబర్ 9 తీర్పు తర్వాత లాయర్‌గా, కింది కోర్టు జడ్జిగా చేసిన కాలాన్ని కలిపి ఆ 7 ఏళ్లు చూపించొచ్చు. కనీస వయసు 35.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజు గురించి కూడా చెప్పుకోవాలి. గతంలో వేలల్లో గుంజేవాళ్లు. 2024 జూలై 30న సుప్రీంకోర్టు జనరల్‌కు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోవద్దని చెప్పింది. గూడెం నుంచి వచ్చి లా పూర్తి చేసిన పిల్లలకు ఇది చిన్న మొత్తం తేడా కాదు.

ప్రాక్టీస్ ఎక్కడ చేయాలి అంటే, మన దగ్గరే పని చాలా ఉంది. లీగల్ సర్వీసెస్ అథారిటీ ద్వారా ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఫ్రీ లాయర్ దొరుకుతారు. అంటే ఎస్టీ సర్టిఫికెట్ లేని గుత్తికోయ మహిళకు కూడా లాయర్‌ను అడిగే హక్కు ఉంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100. కానీ ఆమె మాట్లాడేది తెలుగు కాదు. మన కోయ భాషకూ ఆమె భాషకూ చుట్టరికం ఉన్నా ఒకటి కాదు. ఆమె చెప్పేది అర్థం చేసుకుని పిటిషన్ రాయగల లాయర్లు ఎంతమంది ఉంటారు? కోయ ఇళ్లలో పుట్టి లా చదివినవాళ్లకు ఉన్న పెద్ద అడ్వాంటేజ్ ఇదే. లా డిగ్రీ లేనివాళ్లు పారాలీగల్ వాలంటీర్‌గానైనా చేరొచ్చు.

చివరగా ఒక ప్రాక్టికల్ పాయింట్. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు 3 ఏళ్ల ప్రాక్టీస్ చూపించే సర్టిఫికెట్‌ను కోర్టు ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసర్ ఇవ్వాలి. లేదంటే కనీసం 10 ఏళ్లు సీనియారిటీ ఉన్న అడ్వకేట్ ఇచ్చిన సర్టిఫికెట్‌పై ఆ జిల్లా లేదా ఆ ఊరి ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసర్ ఎండార్స్‌మెంట్ ఉండాలి. భద్రాచలం లాంటి చిన్న సెంటర్‌లో ప్రాక్టీస్ చేసేవాళ్లు హాజరైన కేసుల నంబర్లు, వకాలత్ కాపీలు మొదటి రోజు నుంచే ఫైల్ చేసి పెట్టుకుంటే మంచిది. నోటిఫికేషన్ పడ్డాక వాటి కోసం తిరిగే టైమ్ ఉండదు.